పట్టాల బండిలో ఒక కాలినడక సిపాయి

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలియగానే మా గిద్దలూరు ఆస్పత్రిలో తోటి నర్సులు అడిగిన మొదటి ప్రశ్న, తీగల వంతెన చూశావా అని. చూశాను, బస్సు అద్దంలోంచి, వానలో. ఫోటోలు మాత్రం లేవు. నేను చూడడానికి వెళ్ళింది ముగ్గురు మనుషుల్ని. ముగ్గురూ ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, ఇప్పుడు ఆ గాజు మేడల చుట్టుపక్కల బతుకుతున్నవాళ్ళు. మా అన్నయ్య రమణ చనిపోయిన రోజు ముగ్గురూ అక్కడే ఉన్నారు.

అన్నయ్య పదాతిదళంలో సిపాయి. రాజస్థాన్ ఎడారిలో యుద్ధాభ్యాసం జరుగుతుండగా పోయాడు. శత్రువు లేడు, తూటా లేదు. చక్రాల చుట్టూ ఇనుప పట్టాలతో నడిచే, సైనికుల్ని మోసే ఉక్కు బండి ఒకటి గుంటలో పడిందని, అందులో ఉన్నాడని, ప్రమాదమని, శవపేటికతో వచ్చిన అధికారి చెప్పాడు. వదిన కమల ఆ మాటల్లోంచి ఒక మనిషిని ఏరుకుంది. బండి నడిపినవాడు. అతని తప్పు లేదని విచారణలో తేలినట్టు తర్వాత కబురొచ్చింది. ఆమె నమ్మలేదు. పేరు కూడా తెలియని ఆ మనిషిని ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉంది.

ఆషాఢం మొదట్లో యాదగిరన్న ఫోన్ చేశాడు. ఆయన, అన్నయ్య ఒకే పటాలంలో కలిసి పనిచేశారు. అప్పుడప్పుడు మా బాగోగులు కనుక్కుంటూ ఉంటాడు.

"చెల్లె, గా డ్రైవర్ ఈడనే ఉన్నడు. నర్సింహ అని. నేను గేటుకాడ నిలబడే కంపెనీకే ఉద్యోగుల బస్సు తెస్తడు. మొన్న గుర్తువట్టిన. మాట్లాడుతవా?"

వదినను కూడా రమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నేను వాడి మొహం చూడలేను సుజాతా. నువ్వెళ్ళు. ఒక్కటే అడిగిరా. పోయేముందు ఆయన ఏమన్నా అన్నాడా అని."

హఫీజ్‌పేట్ నుంచి కాలినడకన

హఫీజ్‌పేట్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక మేడ పైన వేసిన రేకుల గదుల్లో యాదగిరన్న కాపురం. సొంతూరు వికారాబాద్ వైపు పల్లె. నేను వెళ్ళేసరికి ఆయన భార్య బాలమణి జొన్నరొట్టెలు కొడుతోంది. మా వైపు రొట్టె పల్చగా, పొర లేచి ఉంటుంది. ఆమెది మందంగా, మెత్తగా ఉంది. వంకాయ కూరలో నువ్వుల పొడి వేసింది. రేకుల మీద వాన మోతకు ఒకరి మాట ఒకరికి వినపడక, చేతులతో సైగలు చేసుకుంటూ తిన్నాం.

మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే నేనూ వెంటవెళ్ళాను. ఆటో మాట్లాడదామన్నాను.

"ఆటో ఎందుకు చెల్లె? గీడనే."

ఆ 'గీడనే' గంట దాటినా రాలేదు. రోడ్డు మీద కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలిచిపోయి ఉన్నాయి. వాటి పక్కనుంచి మేం సాగిపోతున్నాం. ఒక్కో కారులో ఒక్కో మనిషి, ఫోన్ వైపు వంచిన తల. యాదగిరన్న చూపు మాత్రం ఎప్పుడూ పదడుగుల ముందు నేల మీదే ఉంది.

"గా బండ మీద కాలు పెట్టకు, కదుల్తది," అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే పెట్టాను. కాలువ మీది బండ తూలి మురికినీళ్ళు మోకాలి దాకా చిమ్మాయి, చెప్పు ఉంగటం తెగింది. ఆయన మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని సంచి తెరిచాడు. అందులో దబ్బనం, మైనం పూసిన దారం, బెల్లం ముక్క, తాడు, పొడి గుడ్డ ఉన్నాయి.

"సంచిలో ఇవన్నీ ఎందుకన్నా?"

"కాలినడక పల్టన్ల అలవాటు. మన వీపు మీద లేనిది మనకు లేనట్టే. నీళ్ళు అయిపోతే పక్కోనియి తాగాలె. వాని కాలు బొబ్బలెక్కితే వాని మూట మనం మొయ్యాలె. అందుకే ఒకని సంగతి ఒకనికి మస్తు ఎర్క. ఎవడు నిద్రల ఏం కలవరిస్తడో గుడ ఎర్క."

కుడుతూనే తక్కిన దళాలవాళ్ళ గురించి చెప్పాడు. లారీల్లో వెళ్ళే సిపాయిలు రోడ్డు అయిపోగానే దిగి నడుస్తారట. అయినా మనసు లారీ దిక్కే ఉంటుందట, రాత్రికి అది అన్నం తెస్తుంది కాబట్టి. విమానంలోంచి దూకేవాళ్ళకు వెనక్కి పోవడానికి ఏ బండీ ఉండదు. అందుకని వాళ్ళ నడకలోనే ఒక తెగింపు ఉంటుందన్నాడు.

"మరి పట్టాల బండి వాళ్ళు?"

దారం పంటితో కొరికి తెంపాడు. "వాళ్ళకు గాడీనే ఇల్లు. మేం మూటలు మోసుకుంట చెమటలు కక్కుతుంటే, వాళ్ళు గుర్రుమనుకుంట మా పక్కకెళ్ళి పోతుండిరి. దుమ్మంత మా మొఖాననే. కుళ్ళుకుంటుంటిమి, ఎందుకు అబద్ధం. ఆ దినం రెండు తీర్ల దళాలు కలిసి పని నేర్చుకోవాలని మావోళ్ళను కొందరిని గాడీల ఎక్కిచ్చిండ్రు. ఒకదాంట్ల ఒక్క సీటు ఖాళీ ఉండె. రమణ ఎక్కిండు. నేను వెనక లారీల ఉంటి. 'ఇయ్యాల నాకు నడక తప్పింది యాదగిరీ' అని చెయ్యి ఊపిండు."

చెప్పు నా ముందు పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టాడు.

ఆగని బస్సు

గేటు దగ్గర నాకు కొత్తగా తోచింది ఏమిటంటే, అన్ని వందలమంది లోపలికి పోతున్నా ఎవరూ ఎవర్నీ పలకరించలేదు. మా ఆస్పత్రి గేటు దాటాలంటే ఇంటి సంగతి, ఒంటి సంగతి, గేదె ఈనిన సంగతి చెప్పుకుంటూ దాటాలి. ఇక్కడ మెడలో బిళ్ళ చూపిస్తే ఇనుప కర్ర పక్కకు తొలగుతుంది. యాదగిరన్న మొహం వైపు చూసినవాళ్ళు ఆ పొద్దున నాకు కనపడలేదు.

ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. టీ ఇరవై రూపాయలు, మా ఊళ్ళో సగం. చిక్కగా, బాగానే ఉంది. సగం తాగానో లేదో తెల్ల బస్సు వచ్చి ఆగింది. యాదగిరన్న దూరం నుంచే నాకు సైగ చేశాడు.

ఇన్నేళ్ళుగా వదిన తిడుతున్న మనిషిని నేను బలంగా, ఎర్ర కళ్ళతో, మీసాలతో ఊహించుకున్నాను. స్టీరింగు వెనక బక్కపల్చటి నెరిసిన మనిషి. దిగుతున్న ఒక్కొక్కరినీ లోపలి అద్దంలో చూస్తున్నాడు. అందరూ దిగిపోయినా ఖాళీ సీట్ల వైపు ఇంకా చూస్తున్నాడు. యాదగిరన్న దగ్గరికెళ్ళి నా వైపు చూపించాడు. ముందురోజే నేను వస్తున్నానని చెప్పాడట, అతను సరేనన్నాడట.

నేను రోడ్డు దాటడానికి అడుగు వేశాను. అతను నన్ను చూశాడు. తలుపు మూసుకుంది. బస్సు కదిలి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

టీ గ్లాసు చేతిలో పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాను. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. పారిపోయాడు కాబట్టి వదిన మాటే నిజం అనిపించింది. ఆ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు ఆమెకు ఈ సంగతి చెప్పలేదు.

కూకట్‌పల్లి పెసరట్టు

ఆ మర్నాడు యాదగిరన్న చెప్పిన గుర్తులతో కూకట్‌పల్లి వెళ్ళాను. కేపీహెచ్‌బీ కాలనీలో ఒక సందు మొదట్లో సత్యనారాయణ గారి టిఫిన్ల కొట్టు. ఆయనది భీమవరం. ఆ సందులో నడుస్తుంటే నాకు ఊరు మారినట్టే లేదు. పూతరేకులు, గోంగూర పచ్చడి, చేపల బండి, "ఏమండీ" అనే పిలుపులు. ఆయన ఆ రోజు అన్నయ్యతో పాటు బండి లోపల ఉన్నాడు. పట్టాల బండి దళమే ఆయనది, పింఛను వచ్చేదాకా అందులోనే చేశాడు.

దగ్గరికెళ్ళి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. గల్లా దగ్గరున్న ఆయన భార్య లేచి వచ్చి భుజం మీద రెండుసార్లు తట్టింది. అప్పుడు తిరిగాడు.

"రమణ చెల్లెలా!" అని కేక పెట్టాడు. తింటున్నవాళ్ళంతా తలలెత్తారు. "ముందు తినండి! తర్వాత మాట్లాడదాం! అల్లం పచ్చడి సరిపోయిందాండి?"

ఆయన అరుస్తున్నాడని ఆయనకు తెలియదు. ఒక చెవి పూర్తిగా, రెండోది చాలావరకు పోయాయట. చెవి యంత్రం పెట్టుకుంటే పెనం చప్పుడు బుర్ర తొలిచేస్తుందని తీసేశాడు. ఉప్మా పెసరట్టు తిన్నాను. నెయ్యి బాగా వేశాడు. ఆకలి లేకపోయినా, ఆకులో వదిలేస్తే బాధపడతాడని మొత్తం తిన్నాను.

రద్దీ తగ్గాక చేతులు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చున్నాడు. నా పెదాలు చూస్తూ వింటున్నాడు.

"లోపల ఎలా ఉంటుందో చెప్పమంటారా? వీపులు ఆనించుకుని కూర్చుంటామండి. నా మొహం ఇటు గోడకి, మీ అన్నయ్య మొహం అటు గోడకి. మొహానికెదురుగా చిన్న అద్దం ముక్క. దుమ్ము పడితే అదీ లేదు. డీజిలు కంపు, వేడి. ఎడారిలో ఉన్నామో, ఏట్లో దిగామో తెలీదు. తలుపు తెరుచుకుని దూకితేనే తెలుస్తుంది. ముందర కమాండరు చూస్తాడు, డ్రైవరు నడుపుతాడు. వెనకాల వాళ్ళం నమ్మి కూర్చోవాలి, అంతేనండి. కొత్తల్లో వాంతులు. ఏడాది పోయాక ఆ మోతలోనే నిద్రపడుతుంది. మోత ఆగితే మెలకువొస్తుంది."

"అన్నయ్యకు అలవాటు లేదు కదా?"

"అదేనండి నేను చెప్పేది." ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "ఆయన నడిచేవాడు. నేల కనపడకపోతే ఊపిరాడదు వాళ్ళకి. ఎక్కిన దగ్గర్నుంచీ మోచేత్తో పొడిచి, ఎక్కడున్నాం, ఎక్కడున్నాం అని సైగ. నాకేం తెలుసు? గాలికని పైన మూత తెరిచారు. మేమైతే కళ్ళ వరకే పైకి పెడతాం, అదీ మోకాళ్ళు వంచి, ఏ క్షణమైనా కిందకి జారిపోయేలా. అది మాకు ఒంట్లో ఉంటుంది. ఆయన నిలబడిపోయారండి. నడుం దాకా బయటికి. నేను ప్యాంటు పట్టుకుని లాగాను. చెయ్యి కిందకి పెట్టి నా నెత్తి మీద రెండుసార్లు తట్టారు. పర్లేదు అని."

పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు. ఆయనకు అది వినిపించినట్టు లేదు.

"అక్కడ పాత కాలువ ఒకటి ఇసుకతో పూడిపోయి ఉంది. పైనుంచి చూస్తే చదునే. బండి ముక్కు దిగిపోయి పక్కకి ఒరిగిపోయింది. నా భుజం విరిగింది. లోపలున్న అందరం బతికామండి. ఆయనొక్కరే..."

మిగతాది చెప్పక్కర్లేదన్నాను. వదిన ప్రశ్న అడిగాను. నా పెదాలు సరిగా అందలేదేమో, మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను.

"మాటాండి? ఆ మోతలో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే కదండీ తట్టుకునేది." తన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇదొక్కటే."

డబ్బులు తీసుకోలేదు. వచ్చేటప్పుడు పచ్చడి సీసా ఒకటి నా సంచిలో పెట్టి, సందు చివరి దాకా వచ్చి, నలుగురూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా "వదినగారికి చెప్పండి, లాగానని చెప్పండి!" అన్నాడు.

ఖాజాగూడ రాళ్ళ మీద

ఆ తర్వాతి రోజు ఆదివారం. యాదగిరన్నకు సెలవు లేకపోయినా అడిగి తీసుకున్నాడు. నర్సింహ ఉండేది ఖాజాగూడలో. చుట్టూ ఆకాశమంత కట్టడాలు లేచాక మధ్యలో మిగిలిపోయిన పాత ఊరు అది. ఇరుకు సందులో గేదె ఒకటి అడ్డంగా పడుకుని ఉంటే డెలివరీ కుర్రాళ్ళ బైకులు దాని చుట్టూ తిరిగి పోతున్నాయి. ఇంట్లో నర్సింహ భార్య మమ్మల్ని చూడగానే, "రాళ్ళ మీద కూసున్నడు," అంది.

చెరువు పక్క పెద్ద పెద్ద బండలు. వాన ఆగి మబ్బు కిందికి దిగి ఉంది. బండ మీద నర్సింహ గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, ఈసారి పారిపోలేదు. యాదగిరన్న కాస్త దూరంలో ఆగిపోయాడు.

"మొన్న ఆపాల్నని అనుకున్న అక్కా," అన్నాడు. "కాలు బ్రేకు మీదకు రాలే. మీ మొఖం రమణన్న లెక్కనే ఉన్నది."

 కూర్చోమన్నాను. తడి బండ మీదే ఇద్దరం కూర్చున్నాం.

"మీరందరు నన్ను తిడతరని ఎర్కే. అంత్యక్రియలకు వస్త అంటే పోనియ్యలే, విచారణ నడుస్తున్నదన్నరు. తర్వాత ఏం మొఖం వెట్టుకొని రావాలె?"

"మీకు కనపడలేదా, అన్నయ్య పైకి నిలబడ్డం?"

"డ్రైవర్ ముంగటుంటడు అక్కా, ఒక డొల్లల కూసున్నట్టు. దుమ్ముకు మూత ఏసుకుంటే ముంగట చిన్న అద్దం సందు. గంతే నా లోకం. ఎనుక మనుషులున్నరని ఎర్కే గని ఒక్కని మొఖం కనిపియ్యది. చెవులకు కట్టిన దాంట్ల కమాండర్ సాబ్ గొంతు ఒక్కటే ఇనవస్తది. ఎడమకు అంటే ఎడమకు, ఆపు అంటే ఆపు. ఆ దినం నేల గట్టిగనే కనవడ్డది. నేను జూసిన నేల అదే. 'ఆపు' అని సాబ్ గట్టిగ ఒర్రేవరకే గాడీ ఒరిగింది. దిగి ఎనుకకు వొయ్యి జూస్తేనే తెలిసింది."

మోకాళ్ళ మీద అతని చేతులు వణుకుతున్నాయి. ఆస్పత్రిలో అలాంటి చేతులు చాలా చూశాను. పట్టుకుంటే ఆగుతాయని తెలుసు. పట్టుకోలేకపోయాను.

"ఇప్పుడు బస్సుల అద్దం ఉన్నది," అన్నాడు. "అందరు కూసునేదాక బండి తియ్య. ఎవలన్న లేస్తే ఆపుత. లేటైతున్నదని పిల్లలు కంప్లెయింట్ ఇస్తరు. ఈ నౌకరి గుడ ఎన్నొద్దులు ఉంటదో తెల్వది."

వదిన ప్రశ్న అడిగాను. అతను చెరువు వైపు చూస్తూ చెప్పాడు.

"ఇనలే అక్కా. నా చెవుల సాబ్ గొంతు దప్ప ఏం లే." తర్వాత నా వైపు తిరిగాడు. "గని వదినమ్మకు ఏం గావాల్నో చెప్పుండ్రి. ఆమె పేరు దలిచిండని చెప్పాల్నా? చెప్త. దేవుని మీద ఒట్టేసి చెప్త. ఫోన్ చెయ్యుండ్రి, నేనే చెప్త."

అతను మోసం చెయ్యాలని అనడం లేదు. తన దగ్గర ఇవ్వడానికి అదొక్కటే ఉంది. ఇలాంటి అబద్ధాలు నాకు కొత్త కాదు. వార్డు బయట ఏడుస్తున్నవాళ్ళకు "మిమ్మల్ని అడిగాడమ్మా" అని నేనూ చెప్పాను. చాలాసార్లు చెప్పాను. అది విని వాళ్ళు కాస్త నిదానించడం చూశాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

"వద్దులే అన్నా," అన్నాను. అన్నా అని ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. "ఆమె ఇన్నేళ్ళు మిమ్మల్ని లేనిదానికి తిట్టింది. ఇంకో లేనిది ఇవ్వలేను."

అతను తల వంచుకున్నాడు. వాన మళ్ళీ మొదలైంది. ముగ్గురం కిందికి దిగుతుంటే యాదగిరన్న ఏ బండ జారుతుందో చెబుతూ ముందు నడిచాడు. నర్సింహ చెప్పిన చోటల్లా చెప్పినట్టే అడుగు వేస్తూ వచ్చాడు. ఇంటి దగ్గర అతని భార్య టీ ఇచ్చింది.  బయటికొస్తుంటే నర్సింహ తలుపు పట్టుకుని, "వదినమ్మ తిట్టుడు బంద్ జెయ్యకున్నా మంచిదే అని చెప్పు అక్కా," అన్నాడు.

గిద్దలూరు

వదిన వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సంచి పక్కన పెట్టి కూర్చున్నాను. మంచినీళ్ళు తాగావా అని అడగలేదు. కాయలు ఒలుస్తూనే, "చెప్పు," అంది.

అన్నీ చెప్పాను. వీపులు ఆనించుకుని కూర్చోవడం, ఆయన లేచి నిలబడడం, సత్యనారాయణ గారు ప్యాంటు పట్టుకు లాగడం, పర్లేదని తట్టడం. డ్రైవరుకు వెనక మనుషులు కనపడరని చెప్పాను. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

"అయితే వాడి తప్పు లేదంటావు."

"లేదు వదినా."

"మరి నేనిప్పుడు ఎవర్ని తిట్టను?"

 పక్కింటామె గిన్నె పట్టుకుని పెరుగు తోడు కోసం వచ్చి, మా మొహాలు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"నేనడగమన్నది అడిగావా?"

"అడిగాను. ఎవరూ ఏమీ వినలేదు. ఆ బండి మోతలో గట్టిగా అరిచినా వినపడదట వదినా. పక్కనున్నవాళ్ళక్కూడా."

"అరిచినా వినపడదా?"

"వినపడదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక కాయ తీసుకుని, ఈనె లాగి, రెండుగా తుంచింది.

"అయితే పిలిచే ఉంటాడు," అంది.